నల్ల కారును గీతలు పడకుండా కడగడం, ఆరబెట్టడం: బెంగళూరు నీళ్లకూ దుమ్ముకూ తగిన పద్ధతి

ముదురు రంగు కారు ఉన్నవారు ముందుగా ఒక పని చేయండి. సెల్లార్ వెలుతురులో నిగనిగలాడే కారును ఉదయం ఎండలోకి తెచ్చి, సూర్యుడి ప్రతిబింబం బానెట్ మీద పడే చోట నిలబడి చూడండి. ఆ వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు వలయాలుగా కనిపిస్తే, అవి ఎవరో కావాలని గీసినవి కావు. మన కారును ప్రేమగా, శుభ్రంగా ఉంచాలనే ఉద్దేశంతో తుడిచిన చేతులే వాటిని పెట్టాయి. తెల్ల కారు మీదా ఇవే గీతలు ఇంతే లోతున ఉంటాయి కానీ, తెలుపులో కలిసిపోయి కంటికి ఆనవు. నలుపు, ముదురు నీలం, మెరూన్ రంగుల మీద మాత్రం గీత అంచున చెదిరిన వెలుతురు వెనుక ఉన్న చీకటికి ఎదురుగా తెల్లగా మెరుస్తుంది.

గీత పడేది రంగు మీద కాదన్న సంగతి గుర్తుంచుకుంటే తక్కిన జాగ్రత్తలన్నీ సులభంగా అర్థమవుతాయి. ఇప్పటి కార్లలో రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికంటే పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటాయి. ఈ పై పొర మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుక కంటే కూడా పలచన. కారుకు మెరుపునిచ్చేదీ, ఎండ నుంచి రంగును కాపాడేదీ ఈ పొరే.

ఈ పొరను గీసేది గుడ్డ కాదు, గుడ్డకూ కారుకూ మధ్య చిక్కిన దుమ్ము. బెంగళూరు దుమ్ములో ఆ గుణం మరీ ఎక్కువ. ఈ ఊరు నిలిచిన నేల పురాతనమైన నైస్ శిల. లాల్‌బాగ్ కొండ మీద కాళ్ల కింద కనిపించేది అదే. అందులో క్వార్ట్‌జ్ ఉంటుంది. కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్‌జ్‌ది 7, మామూలు చాకు ఉక్కుది సుమారు 5.5. దానికి తోడు ఇక్కడి భవనాలకు ఏటి ఇసుక బదులు రాయిని పిండి చేసిన ఎం-శాండ్ వాడుతున్నారు. నీటిలో దొర్లి నునుపెక్కిన ఇసుక రేణువుకు ఉన్నట్టు దీనికి గుండ్రని అంచులు ఉండవు, ముక్కలన్నీ కోసుగా ఉంటాయి. మెట్రో పనులు, కొత్త అపార్ట్‌మెంట్లు ఉన్న వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం, సర్జాపుర రోడ్డు వైపు ఒక్క రాత్రి బయట ఉంచిన కారు మీద పడేది ఈ దుమ్మే. పొడిగుడ్డతో ఒక్కసారి తుడవడమంటే ఆ రాతిపొడితో కారును రుద్దడమే.

కనుక మొదటి నియమం ఇది: దుమ్మును నీటితోనో షాంపూతోనో వదిలించే దాకా కారును తాకకూడదు. ఈకల డస్టర్, మైనం పట్టించిన దూది డస్టర్, పాత బనియన్ ముక్క, అన్నిటికీ ఈ నియమం వర్తిస్తుంది. గుడ్డ ఎంత మెత్తనిదైనా అది ఈడ్చుకుపోయే రేణువు మెత్తనిది కాదు.

మన అపార్ట్‌మెంట్లలో ఈ నియమం రోజూ తెల్లవారుజామున తప్పుతుంది. నెలకింత అని మాట్లాడుకున్న మనిషి ఒకే బకెట్టు నీళ్లు, ఒకే గుడ్డతో ఇరవై ముప్పై కార్లు తుడుస్తాడు. పదో కారు దగ్గరికి వచ్చేసరికి ఆ బకెట్టులో ఉన్నది బురద. తప్పు అతనిదని నేను అనను, అతనికి అంతకంటే నీళ్లూ గుడ్డలూ సమయమూ మనమెవ్వరమూ ఇవ్వలేదు. మా సెల్లార్‌లో కార్లు తుడిచేది మదనపల్లె వైపు నుంచి వచ్చినాయన. "అన్నా, నా కారును రోజూ తుడవద్దు, జీతం మాత్రం అంతే ఇస్తాను" అని చెప్పినప్పుడు ఆయన భయం వేరుగా ఉంది: "తుడవకపోతే పని ఎగ్గొట్టినానంటారు సార్, మిగతావాళ్లు చూస్తారు." అందుకని రోజూ అద్దాలు మాత్రమే తుడిచి, వారానికి ఒకరోజు నేను ఇచ్చిన గుడ్డలతో, కింద చెప్పబోయే పద్ధతిలో కారు మొత్తం శుభ్రం చేసేటట్టు ఒప్పందం చేసుకున్నాం. ఆయన ఆదాయం తగ్గలేదు, పని భారం తగ్గింది. ఇంట్లోవాళ్లకు కూడా ముందే చెప్పి ఉంచడం మంచిది. మా నాన్నగారు అనంతపురం నుంచి వచ్చిన ప్రతిసారీ పొద్దున్నే కారు మీది దుమ్మును కండువాతో తుడిచి పెట్టేవారు; ఆ గీతలను ఎండలో చూపించి కారణం వివరించిన తర్వాత ఇప్పుడు ఆయనే మిగతావాళ్లను వారిస్తున్నారు.

తర్వాత తేల్చుకోవలసింది నీళ్ల సంగతి. సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసి తెచ్చుకునే కావేరి నీటిని కారు మీద పోయడం ఎలాగూ న్యాయం కాదు. పైగా బెంగళూరు జలమండలి 2024 మార్చిలోనూ మళ్లీ 2025 ఫిబ్రవరిలోనూ తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. మిగిలేవి బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు, అపార్ట్‌మెంటు శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్లు, వాన నీళ్లు. మొదటి మూడింటిలోనూ లవణాలు ఎక్కువ. నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. మా బోరు నీటిలో పెడితే అది 800 దాటింది. ఇలాంటి నీరు కారు మీద ఆరిపోతే ప్రతి చుక్క చోటా కాల్షియం, మెగ్నీషియం తెల్లటి వలయంగా మిగిలిపోతాయి. ఇంట్లో ఆర్వో యంత్రం వదిలేసే నీటిలో లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి కనుక అది చక్రాలకూ మడ్‌గార్డుల లోపలి భాగానికీ పనికొస్తుంది గాని బానెట్‌కు పనికిరాదు. వాన నీటిని పట్టుకోగలిగినవారు అదృష్టవంతులు. వాన మొదలైన తర్వాత డాబా మీది మురికి కొట్టుకుపోయే దాకా ఆగి, ఆ తర్వాతి నీటిని రెండు మూడు డబ్బాలలో నింపి మూతపెట్టి ఉంచుకుంటే, చివరిసారి పైనుంచి పోయడానికి అంతకంటే మంచి నీరు లేదు. ఏప్రిల్ చివరి జల్లుల నుంచి నవంబరు దాకా ఈ ఊరికి ఆ వసతి ఉంది.

సామాగ్రికి పెద్దగా ఖర్చు లేదు. రెండు పెద్ద బకెట్లు, వాటి అడుగున మురికి తిరిగి పైకి లేవకుండా ఆపే గ్రిట్ గార్డ్ అనే జల్లెడలు, మైక్రోఫైబర్ చేతితొడుగు ఒకటి, కార్ల కోసమే చేసిన షాంపూ, చక్రాలకు వేరుగా ఒక పాత బకెట్టూ బ్రష్షూ, ఆరబెట్టడానికి దట్టమైన మైక్రోఫైబర్ టవళ్లు రెండు. గిన్నెలు తోమే ద్రవం వాడవద్దు. అది జిడ్డుతోపాటు కారు మీది వ్యాక్సునూ తీసేస్తుంది. బట్టల సబ్బు, పొడి ఇంకా ఘాటైనవి. స్పాంజి నునుపుగా ఉంటుంది కనుక రేణువు దాని ముఖం మీదే నిలిచి కారుకు రాసుకుంటుంది. మైక్రోఫైబర్ తొడుగులోని పొడవాటి పోగులు అదే రేణువును లోపలికి లాక్కుని కారుకు దూరంగా ఉంచుతాయి. స్పాంజి కంటే తొడుగు మేలన్నది ఇందుకే.

సమయం విషయంలో పట్టుదలగా ఉండాలి. బెంగళూరు ఎండ చల్లనిదే అనిపిస్తుంది గాని, పదకొండు గంటలకు నల్ల బానెట్ మీద అరచేయి ఆనించి చూస్తే నిజం తెలుస్తుంది. వేడి రేకు మీద షాంపూ నీరు నిమిషాలలో ఆరిపోయి మచ్చ కడుతుంది. ఉదయం ఎనిమిదిలోపు, నీడలో, బానెట్ చేతికి చల్లగా తగిలినప్పుడే మొదలుపెట్టండి. ఇప్పుడే నడిపి తెచ్చిన కారైతే అరగంట ఆగండి.

చక్రాలను మొదట కడగాలి. వాటికి పట్టే నల్లపొడిలో బ్రేక్ ప్యాడ్ల, డిస్కుల అరుగుదల నుంచి వచ్చిన లోహపు రేణువులు ఉంటాయి, అవి చక్రాలకే పరిమితం కావాలి. చివర్లో కడిగితే ఆ మురికి అప్పుడే శుభ్రమైన తలుపుల మీదికి చిందుతుంది, పైగా ఆలోగా కారు పైభాగం ఆరిపోయి మచ్చలు పడతాయి. చక్రాలకు వాడిన గుడ్డనో బ్రష్షునో ఎంత ఉతికినా మళ్లీ పెయింటు మీదికి తేవద్దు.

ఇప్పుడు అసలు ఘట్టం, అంటే తాకకుండా దుమ్ము వదిలించడం. పైకప్పు నుంచి కిందికి నీరు ధారాళంగా పోయాలి. ప్రెషర్ వాషర్ ఉంటే వెడల్పుగా విసనకర్రలా విచ్చుకునే నాజిల్ పెట్టి, కనీసం ఒక అడుగు దూరం నుంచి కొట్టండి. పెయింటు ఎక్కడైనా రాయి తగిలి లేచి ఉంటే అక్కడికి సూటిగా ధార పెట్టవద్దు, ఆ అంచు ఊడి వస్తుంది. ఫోమ్ గన్ ఉంటే నురుగు కప్పి నాలుగైదు నిమిషాలు వదిలేసి, ఆరకముందే కడిగేయండి. ఈ రెండూ లేనివారు చేతి స్ప్రేయర్‌తో పలచని షాంపూ నీరు చల్లి నానబెట్టి, మగ్గుతో పోసినా ఫలితం వస్తుంది, కొంత ఓపిక కావాలంతే. తలుపుల కింది భాగం, వెనుక బంపరు దగ్గర బురద గట్టిపడి ఉంటుంది కనుక అక్కడ రెండుసార్లు నానబెట్టండి. ఈ దశలో ఎంత ఎక్కువ దుమ్ము పోతే తర్వాత గీత పడే అవకాశం అంత తక్కువ.

చేయి పెట్టేటప్పుడు ఒక బకెట్టులో షాంపూ నీరు, రెండో దానిలో ఉత్త నీరు ఉంచుకోండి. తొడుగును షాంపూలో ముంచి, సగం పైకప్పు తుడిచి, ఉత్త నీటి బకెట్టులో జల్లెడకేసి రుద్ది మురికి వదిలించి, పిండి, అప్పుడు మాత్రమే మళ్లీ షాంపూలో ముంచాలి. ఒక్కో తలుపుకు ఒకసారి, బానెట్‌కు రెండుసార్లు ఇలా చేయడం విసుగనిపించవచ్చు గాని, పని పూర్తయ్యాక ఉత్త నీటి బకెట్టు అడుగున పేరుకున్న ఇసుకను చూస్తే అది లేకపోతే ఎక్కడ ఉండేదో అర్థమవుతుంది. పైకప్పు, అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపుల పై సగం, ఆ తర్వాతే తలుపుల కింది సగం, బంపర్లు అనే వరుస తప్పవద్దు. మురికి తక్కువ ఉన్న చోటు నుంచి ఎక్కువ ఉన్న చోటికి వెళ్లడమే దీనిలోని తర్కం. తొడుగు బరువు తప్ప మన చేతి బరువు కారు మీద పడకూడదు. గుండ్రంగా తిప్పకుండా తిన్నగా, కారు పొడవునా కదపండి. ఒకవేళ గీత పడినా తిన్నని గీత ఒక కోణం నుంచి మాత్రమే కనిపిస్తుంది, వలయాకారపు గీతలు ఎటునుంచి చూసినా కనిపిస్తాయి. తొడుగు నేల మీద పడితే దులిపి వాడుకోవద్దు. ఆ రోజుకు దానిని పక్కన పెట్టి మరొకటి తీసుకోండి.

ఇంత నీరు దొరకని అపార్ట్‌మెంట్లకు, అంటే మనలో చాలామందికి, రిన్స్‌లెస్ వాష్ అనే పద్ధతి ఉంది, నేను ఏడాదిలో ఎక్కువసార్లు చేసేది అదే. ఎనిమిది, పది లీటర్ల నీటిలో దీనికోసమే అమ్మే ద్రవాన్ని సీసా మీద చెప్పిన పాళ్లలో, సాధారణంగా 1 వంతు ద్రవానికి 256 వంతుల నీరు చొప్పున, కలుపుతారు. ఇందులోని పాలిమర్లు రేణువును చుట్టుకుని జారుడుగా చేసి పైకి లేపుతాయి, తర్వాత నీటితో కడగనక్కరలేదు. ఎనిమిది మైక్రోఫైబర్ గుడ్డలను ఆ బకెట్టులో నానబెట్టండి. అదే మిశ్రమాన్ని స్ప్రేయర్‌లో పోసి ఒక తలుపు మీద బాగా చల్లి రెండు నిమిషాలు ఆగండి. ఒక గుడ్డను కొంచెం మాత్రమే పిండి నాలుగు మడతలు పెడితే, మడతలు మార్చుతూ పోయినప్పుడు వాడుకోవడానికి ఎనిమిది శుభ్రమైన ముఖాలు వస్తాయి. ఒక ముఖంతో ఒకే దిక్కుగా, ఒకటి రెండుసార్లు మాత్రమే తుడిచి, మడత తిప్పాలి. ఎనిమిది ముఖాలూ అయిపోయిన గుడ్డ మళ్లీ బకెట్టులోకి వెళ్లకూడదు. ఈ పద్ధతికి ప్రాణం ఆ ఒక్క నియమమే. బకెట్టు నీరు చివరి దాకా శుభ్రంగా ఉంటేనే మీరు సరిగా చేశారని అర్థం. మా సెల్లార్‌లో కార్లు తుడిచే ఆయనకు నేను నేర్పినదీ ఇదే. మొదటి నెల గుడ్డను అలవాటుగా బకెట్టులో ముంచేవాడు, ఇప్పుడు వాడిన గుడ్డలను వేరే సంచిలో వేసి నాకు ఇస్తున్నాడు. అయితే వానలో దేవనహళ్లి వైపు మట్టిదారిలో వెళ్లి వచ్చి, కారు పక్కల బురద పొరలు కట్టి ఉంటే ఈ పద్ధతి చాలదు. ముందు నీరు పోసి ఆ బురదను దింపాలి.

ఆరబెట్టడం గురించి చాలామంది తేలికగా అనుకుంటారు గాని, నా అనుభవంలో సగం గీతలు పడేది అక్కడే, నీటి మచ్చలన్నీ పడేదీ అక్కడే. కడగడం పూర్తయ్యాక గొట్టానికి ఉన్న నాజిల్ తీసేసి, నీటిని మెల్లగా పైకప్పు మీద నుంచి ఒకే పలచని పొరలా జారనివ్వండి. చుక్కలుగా పడిన నీరు చుక్కలుగానే నిలుస్తుంది, పొరలా జారిన నీరు తనతోపాటు చాలా నీటిని తీసుకుపోతుంది. దాచుకున్న వాన నీటిని ఈ చివరి విడతకు ఉపయోగించండి, అయిదారు లీటర్లు చాలు. తర్వాత పెద్ద టవలును పరిచి, రెండు అంచులూ పట్టుకుని కారు మీద వేసి, చేతితో మెత్తగా అద్ది ఎత్తాలి, లేదా దాని బరువుతోనే మెల్లగా మనవైపు లాగాలి. వంటగదిలో గట్టు తుడిచినట్టు రుద్దకూడదు. పూర్తిగా పొడిగా ఉన్న టవలు మొదట్లో నీటిని సరిగా పీల్చదు, తగులుకుని ఈడుస్తుంది కూడా, కనుక దానిని కొద్దిగా తడిపి గట్టిగా పిండి వాడండి. మొదటి టవలుతో నీరు తీసి, రెండో దానితో మిగిలిన తేమ తీయండి. పక్క అద్దాల వెనుక, తలుపు పిడుల లోపల, నంబరు ప్లేటు కింద, డిక్కీ అంచుల్లో నీరు దాక్కుని, మీరు ఇంట్లోకి వెళ్లాక చారలుగా కారుతుంది. చిన్న బ్లోయరు ఉంటే వాటిని ఊది బయటికి తీయవచ్చు. లేకపోతే తలుపులన్నీ, డిక్కీ ఒకసారి తెరిచి మూసి, అంచులను వేరే చిన్న గుడ్డతో అద్దండి. నడిపి ఆరబెడదామనుకుంటే, తడి కారు మీద రోడ్డు దుమ్ము మరింత బాగా అంటుకుంటుంది.

అప్పటికే నీటి మచ్చలు ఉంటే గోకవద్దు. తెల్ల వెనిగర్‌లో అంతే నీరు కలిపి, చల్లగా ఉన్న రేకు మీద తడిగుడ్డతో అరనిమిషం ఉంచి, మెత్తగా అద్ది, వెంటనే నీటితో కడిగేయండి. వెనిగర్‌లోని ఆమ్లం ఆ కాల్షియం పొరను కరిగిస్తుంది. దానితోనూ పోని మచ్చ క్లియర్ కోట్‌ను తినేసి లోపలికి దిగిందని తెలుసుకోవాలి, అక్కడ పాలిష్ తప్ప దారి లేదు.

పావురాల రెట్ట, పూల జిగురు, పురుగులు వారంవారం కడిగే దాకా ఆగేవి కావు. ఎండలో ఉన్న రెట్ట గంటల్లోనే పై పొరను చెరుపుతుంది, అందులో గట్టి గింజల తునకలూ ఉంటాయి. నీటిలో ముంచిన గుడ్డను దాని మీద అయిదు నిమిషాలు కప్పి ఉంచి, మెత్తబడ్డాక పక్కలకు రుద్దకుండా పైకి ఎత్తేయండి. నిద్రగన్నేరు, కానుగ చెట్ల కింద నీడ ఉందని ఆపితే సాయంత్రానికి బానెట్ మీద జిగట తుంపరలు కనిపిస్తాయి, వాటికీ ఇదే వైద్యం. హిందూపురం, అనంతపురం వైపు జాతీయ రహదారి మీద వానాకాలపు సాయంత్రాలలో వెళ్లి వస్తే ముందు బంపరంతా పురుగులు అంటుకుంటాయి. ఇంటికి రాగానే తడి టవలును దాని మీద పరిచి పది నిమిషాలు నాననిచ్చి, అప్పుడు కడగండి.

ఆయుధ పూజ రోజును ప్రత్యేకంగా చెప్పాలి. పసుపు, కుంకుమ, విభూతి పెట్టకుండా ఆ పండుగ ఉండదు, ఉండకూడదు కూడా. బొట్టును ముందు అద్దం మీద, నంబరు ప్లేటు మీద పెట్టండి, బానెట్ మీదే పెట్టాలనుకుంటే ఆ రాత్రికే నీటితో తీసేయండి. ఎండిన విభూతినీ కుంకుమనూ పొడిగుడ్డతో తుడిచిన చోట దసరా తర్వాత గీతలు చూసి బాధపడినవారు మా అపార్ట్‌మెంట్లో చాలామంది ఉన్నారు. దండలను కట్టే సన్నని ఇనుప తీగ పెయింటుకు తగలకుండా నూలు దారంతో కట్టించుకోండి.

గుడ్డలు బాగుంటేనే కారు బాగుంటుంది. మైక్రోఫైబర్‌ను నూలు బట్టలతో కలిపి ఉతికితే వాటి పీచు దీని పోగులలో చిక్కుకుంటుంది. కంఫర్ట్ లాంటి బట్టల మృదుకారిణులు పోగులకు పూత పూసి నీరు పీల్చే గుణాన్ని పోగొడతాయి. గోరువెచ్చని నీటిలో ద్రవరూప డిటర్జెంటుతో విడిగా ఉతికి, దుమ్ము పడే బాల్కనీలో కాకుండా ఇంట్లో నీడన ఆరేసి, మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి. కుట్టుపైనున్న కంపెనీ లేబుల్ గట్టిగా ఉంటుంది, దానిని ముందే కత్తిరించేయాలి.

క్లియర్ కోట్ మీద రక్షణగా వేసే సెరామిక్ కోటింగ్ అనే పూత వేయించుకున్నవారు గీతల భయం పోయిందని అనుకోకూడదు. నీరు తొందరగా జారిపోవడం, మురికి తక్కువగా అంటడం వంటి మేలు అది నిజంగానే చేస్తుంది గాని, క్వార్ట్‌జ్ రేణువును అదీ ఆపలేదు. దుమ్ముపట్టిన కారు మీద గుడ్డ కవరు కప్పితే, గాలికి ఆ కవరు కదిలినప్పుడల్లా కారును రుద్దుతుంది. కాబట్టి కవరు శుభ్రమైన కారుకే, అది కూడా గాలి తక్కువ ఉన్న చోటే. సర్వీసుకు ఇచ్చేటప్పుడు, కారును కడగవద్దని, తుడవవద్దని జాబ్ కార్డు మీద రాయించండి. నోటిమాటగా చెబితే వర్క్‌షాపు లోపల కడిగే మనిషి దాకా అది చేరదు. రోలరు బ్రష్షులు తిరిగే ఆటోమేటిక్ వాష్‌లో మీ ముందు వెళ్లిన వాహనాల మట్టి ఆ బ్రష్షులలోనే ఉంటుంది, ముదురు రంగు కారును అందులోకి పంపవద్దు.

ఇప్పటికే ఉన్న సాలెగూడు గీతలను యంత్రంతో పాలిష్ చేయించి తీయించవచ్చు. అయితే ఆ పని గీతను పూడ్చదు, గీత చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను కొన్ని మైక్రాన్ల మేర అరగదీసి సమం చేస్తుంది. ఉన్నదే 40, 50 మైక్రాన్లు కనుక కారు జీవితకాలంలో ఈ పని కొన్నిసార్లే చేయించగలం. అందుకే కడిగే పద్ధతి, తుడిచే మనిషితో ఒప్పందం, గుడ్డలు అన్నీ సర్దుకుని, కొత్త గీతలు పడటం లేదని రెండు నెలలు ఎండలో చూసుకున్నాకే పాలిష్‌కు ఇవ్వండి. ఇచ్చే ముందు పెయింటు మందాన్ని మీటరుతో కొలిచి, ఏ భాగంలో ఎంత ఉందో మీకు చూపించమని అడగండి.